ఆకుపచ్చ డబ్బా

కొలెస్ట్రాల్ అంటే ఏమిటో మా అప్పకు, అంటే మా అక్కకు, నేను చక్కెర ఫ్యాక్టరీ గొట్టాలతో పోల్చి చెప్పాను. ముప్పై నాలుగేళ్ళు ఫ్యాక్టరీ లేబొరేటరీలో చెరకు రసం పరీక్షించి, చోడవరంలోనే రిటైరైనవాణ్ణి. అంతకన్నా దగ్గరి పోలిక నాకు తట్టలేదు.

"రసం మరిగించే గొట్టాల్లో సీజను సగమయ్యేసరికి పెచ్చు కడుతుందప్పా. పెచ్చు మందమైనకొద్దీ దారి ఇరుకవుతుంది. నీ గుండె రక్తనాళంలో జరిగింది కూడా అదే."

విశాఖపట్నంలో ఆసుపత్రి మంచం మీద, స్టెంటు వేసిన మూడో రోజున, దిండుకు ఆనుకుని కూర్చున్న మా అప్ప నరసమ్మ ఇదంతా శ్రద్ధగా విన్నది.

"మరా గొట్టాలు ఏటెట్టి కడుగుతార్రా?"

"కాస్టిక్ సోడా మరిగించి."

"అయితే నాకూ ఓ గలాసుడు పట్టించీ. పీడా పోద్ది."

నర్సు నవ్వింది. అప్ప కొడుకు శివాజీ, కోడలు గౌతమి కూడా నవ్వారు. మూడు రోజుల తరువాత ఆ గదిలో వినిపించిన మొదటి నవ్వు అది. నిజానికి నా పోలిక పూర్తిగా సరైనది కాదు. కొలెస్ట్రాల్ నాళం గోడ మీద పెచ్చులా అంటుకోదు, గోడ పొరల లోపలికి చేరి అక్కడ ఉబ్బుతుంది. ఈ తేడా నాకు తెలుసు. అయినా మా అప్పకు అంత సూక్ష్మం అక్కరలేదని నేనే నిర్ణయించాను.

వెళ్ళేటప్పుడు డాక్టరు మా నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాడు. కొలెస్ట్రాల్ తగ్గడానికి ఒక మాత్ర, స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు. ఏడాది పాటు ఒక్క రోజు కూడా మానకూడదు. ఆహారంలో నూనె, వేపుళ్ళు, తీపి తగ్గించాలి. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో గౌతమి కాగితం మీద రాసుకుంది. చదువుకున్న పిల్ల, మాడుగుల నుంచి వచ్చిన కోడలు. అత్త మందుల బాధ్యత తనదేనంది. అప్ప మాత్రం డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ నా ముఖమే చూస్తూ కూర్చుంది. నేను తల ఊపినప్పుడల్లా తనూ తల ఊపింది.

ఈ అలవాటు ఆవిడకు పాతదే. 1980 ఫిబ్రవరిలో సూర్యగ్రహణం వచ్చిన నాటికి అప్ప ఏడో నెల గర్భిణి. ఊరంతా తలుపులు వేసుకుంది. నేను అప్పుడు బీయస్సీ విద్యార్థిని. హేతువాద సంఘం కరపత్రాలు సంచీలో వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళి, గ్రహణానికీ పుట్టబోయే బిడ్డ పెదవికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. అప్ప వాకిట్లో కత్తిపీట వేసుకుని కూర్చుని, మిట్టమధ్యాహ్నం దాటిన ఎండ కళ్ళ ముందే వెలవెలబోతూ ఉండగా వంకాయలు తరిగింది. ఆవిడ అత్తగారు లోపలినుంచి శాపనార్థాలు పెడుతూనే ఉంది. రెండు నెలలకు శివాజీ ఏ లోపమూ లేకుండా పుట్టాడు. నలభై అయిదేళ్ళుగా ప్రతి వేదిక మీదా ఈ సంగతి చెబుతూ వచ్చాను. అయిదో తరగతి దాటని ఒక రైతు స్త్రీ హేతుబుద్ధితో భయాన్ని జయించింది అని ముగించేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ రోజు ఎందుకు బయటికి వచ్చావని అప్పను మాత్రం ఒక్కసారైనా అడగలేదు.

*

వాళ్ళ ఊరు చోడవరం నుంచి బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో ఉంది. ఆటో దిగి చెరకు తోటల మధ్యగా పది నిమిషాలు నడవాలి. డిసెంబరు మొదటి వారానికల్లా శివాజీ గానుగ మొదలుపెట్టాడు. ఆ పది నిమిషాల దారిలో సగానికి వచ్చేసరికే మరుగుతున్న రసం వాసన ఎదురొచ్చేది.

ఆ నెలంతా నేను వారానికి రెండుసార్లు వెళ్ళాను. అప్ప ఏమి తినాలో పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అతికించాను. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం కొలిచిన అన్నం, ఉలవచారు, ఆకుకూర, వారానికి రెండు రోజులు పులుసులో ఉడికించిన చేప. వేపుడు లేదు, కొబ్బరి లేదు, నెయ్యి లేదు. బెల్లం అసలే లేదు. గానుగ ఇంటి ఇల్లాలికి బెల్లం వద్దనడం ఎంత మాటో నాకు తెలుసు. మొదటి పెనం దిగిన రోజున వేడి బెల్లం ముద్ద ఇంటి పెద్దావిడ నోట్లో పెట్టి, రుచి చూసి సరేనన్న తరువాతే దిమ్మలు పోయడం వాళ్ళింటి ఆనవాయితీ. ఈసారి శివాజీ ముద్ద తెచ్చి నిలబడితే అప్ప మూతి పక్కకు తిప్పుకుంది.

"తమ్ముడు ఒద్దన్నాడ్రా. నీ పెళ్ళాం నోట్లో ఎట్టు."

"ఒక్క ముద్దకేటవ్వుద్ది మావయ్యా?" అని శివాజీ నన్నడిగాడు.

"ముద్దలన్నీ ఒక్కొక్కటే శివాజీ," అన్నాను.

"ఇన్నావా?" అంది అప్ప, నా తెలివికి తనే మురిసిపోతూ. "పోన్లే, నాను సచ్చిపోయినాక మాడుగుల హల్వా ఓ అరకేజీ నా మీద పెట్టి కాల్చండి. అప్పుడు వీడేటి సెప్తాడో సూద్దాం."

నెలాఖరుకు రక్తపరీక్ష చేయించాను. ఆసుపత్రిలో నూటడెబ్భై రెండు ఉన్న చెడ్డ కొలెస్ట్రాల్ ఎనభై ఒకటికి దిగింది. ఆ కాగితం చూసి నేను పొందిన సంతోషం, ఫ్యాక్టరీలో ఏ సీజను చక్కెర దిగుబడి శాతం చూసీ పొందలేదు.

*

సంతోషం నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజున మా ఆవిడ సన్యాసమ్మ తన ఫోను నా చేతికిచ్చింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫోటో. గానుగ దగ్గర పీట మీద కూర్చుని నవ్వుతోంది మా అప్ప. కింద ఇలా రాసి ఉంది: "గుండె ఆపరేషనైన నెలకే మా అత్త గానుగ చూసుకుంటన్నారు. కొలెస్ట్రాల్ 172 నుంచి 81. ఈ గుళికల మహిమ. కావలసినవారు నాకు మెసేజ్ చెయ్యండి. గౌతమి."

చేపనూనె, వెల్లుల్లి, తెల్లమద్ది బెరడు కలిపిన గుళికలు. మనిషిని పట్టుకుని మనిషి, గొలుసుకట్టుగా అమ్మే రకం. వీటి గురించి నేను చదవవలసినంత చదివాను. వెల్లుల్లి కొలెస్ట్రాల్‌ను కొద్దిగా తగ్గిస్తుందని కొన్ని పరీక్షల్లో తేలింది. తెల్లమద్దికి ఉన్న ఆధారం బహు పలచన. మామూలు మోతాదు చేపనూనె గుండెపోటును ఆపుతుందన్న ఆశ పెద్ద పెద్ద అధ్యయనాల్లో నిలబడలేదు. ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ గుళికలు అప్పకు చేసే హాని కూడా పెద్దగా లేదు. వాటి దారిన వాటిని వదిలేసి ఉండవచ్చు. కాని నా అప్ప ముఖం, నేను తెచ్చిన అంకె, ఒక డబ్బా అమ్మకానికి సాక్ష్యమయ్యాయి. జీవితమంతా నేను దేనితో పోరాడానో అది నా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ గానుగ దగ్గరే ఉన్నారు. నడిమింటి గూట్లో అప్ప కళ్ళద్దాల పక్కన ఆకుపచ్చ డబ్బా కనిపించింది. దాని మీద ఎర్రని గుండె బొమ్మ. తీసుకున్నాను. నడుస్తుంటే చేతిలో గలగలమంది.

పెనం మంచి పాకం మీద ఉంది. పదిమంది దాకా ఉన్నారక్కడ. చెరకు అందించేవాళ్ళు, పొయ్యిలో పిప్పి ఎగదోసేవాళ్ళు, బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళు. అప్ప పీట మీద కూర్చుని ఉంది. గౌతమి ఎవరితోనో మాట్లాడుతోంది. నేను వేదిక ఎక్కినవాడిలాగే గొంతు సవరించుకున్నాను.

"గౌతమీ, మీ అత్తను నిలబెట్టింది ఈ డబ్బానా?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "నేనేటన్నాను బాబాయ్? ఇంత మంచిదని నలుగురికి సెప్పేను..."

"ఎంత మంచిదో ఎలా తెలిసింది? ఇది వేసుకోని నరసమ్మ ఒకావిడ ఉంటే, ఆవిడతో పోల్చి చూశావా? స్టెంటు వేసిన వాడు నిలబెట్టాడు. నోరు కట్టుకుని ఆవిడ నిలబడింది. మధ్యలో పేరు ఈ డబ్బాకు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు ఊపునిచ్చింది. డాక్టరిచ్చిన మాత్రల ఊసు ఆ రోజు నా నోట రాలేదు. వాటిని ఆవిడ వేసుకుంటున్నదన్నది, సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలు సంగతి నాకు.

"దీంట్లో ఉన్నదేదీ నీ ఒంటికి అక్కరలేదప్పా," అంటూ డబ్బాను పొయ్యి వైపు ఎత్తాను.

అప్ప పీట మీదినుంచి సగం లేచింది. "ఒరే, ఒరే, ఆగు. అందులో..."

"అందులో ఏముందో నీకన్నా నాకు బాగా తెలుసు."

ఈసారి అందరూ నవ్వారు. డబ్బా మంటలో పడింది. ప్లాస్టిక్కు ఒక్కసారి నీలంగా మండి, ముడుచుకుని, పిప్పిలో కలిసిపోయింది. అప్ప మంట వైపు చూసింది, నా వైపు చూసింది. ఆవిడ ముఖంలో ఒక ప్రశ్న వచ్చి, వచ్చినట్టే సర్దుకుంది.

"సర్లే," అని మళ్ళీ కూర్చుంది. "సదువుకున్నోడివి."

గౌతమి కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మాడుగుల బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిందని తరువాత తెలిసింది.

ఇంటికొచ్చి ఇదంతా విజయగాథలా చెబితే సన్యాసమ్మ కూర కలుపుతూ అంది: "అంతమంది ముందు ఆ కోడలు గుంటనేటి అలగ అనీసేరు? ఇంతకీ అక్కడ మీరెవర్నైనా ఏటైనా అడిగేరా, సెప్పీసి వచ్చీసేరా?"

"అడగడానికేముంది?" అన్నాను.

*

జనవరి చివరలో మళ్ళీ రక్తం తీయించాను. ఈసారి నూట అరవై మూడు.

కాగితాన్ని మూడుసార్లు చదివాను. ల్యాబు పొరపాటేమోనని ఇంకొక చోట చేయించాను. నూట అరవై. పరీక్షలో పొరపాటు లేదని తేలింది కనక, పొరపాటు మనిషిదై ఉండాలి. ముప్పై నాలుగేళ్ళ అలవాటు అది. అంకె చెడితే కల్తీ ఎక్కడ జరిగిందో వెతకడం.

అప్ప వంటింట్లో రాగి అంబలి తాగుతోంది. చిక్కిపోయింది. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. గౌతమి పుట్టింటినుంచి వచ్చి చాలా రోజులైంది. నన్ను చూసి మంచినీళ్ళ గ్లాసు గట్టు మీద పెట్టి, మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

"ఏం తింటున్నావప్పా?"

"సూస్తన్నావు కదేటి."

"నేను లేనప్పుడు ఏం తింటున్నావని. ఎనభై ఒకటి నూట అరవై మూడెలా అవుతుంది?"

అప్ప గిన్నె కింద పెట్టింది. "నువ్వు రాసి అంటించిందే తింటన్నాను బాబూ. ఒక్కటి కూడా దాటలేదు."

"నెయ్యా? గారెలా? గానుగ దగ్గర ఎవరైనా కొబ్బరి కోరి పాకంలో ముంచి పెడుతున్నారా? దాచకు. నీ గుండె నాకోసం కాదు, నీకోసమే."

"లేదురా. నీ మీదొట్టు."

"ఒట్లు రక్తంలో కనపడవు."

ఈ మాట నేను అన్నాను. చక్కగా, తడుముకోకుండా, ఒక మంచి వాక్యం దొరికిన మనిషి తృప్తితో అన్నాను.

డెబ్బై ఏళ్ళ మనిషి ముఖం దొంగతనం అంటగట్టిన చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. తరువాత గిన్నెలో మిగిలిన అంబలిని కుండలో తిరిగి పోసేసింది.

"అయితే ఇంకొంచం తగ్గిత్తాన్లే," అంది. "తిండే ఎక్కువవుతందేటో."

వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. ఎడమ దవడ రుద్దుకుంటోంది. ఏమిటని అడిగితే పన్ను అంది. పంటి డాక్టరుకు చూపిద్దామన్నాను. గానుగ అయ్యాక చూద్దామంది. కొలెస్ట్రాల్ మాత్ర మానేస్తే నెల తిరిగేలోగా అంకె మళ్ళీ పాత చోటికి పోతుందని నేను చదివాను. ఎక్కడ చదివానో, ఏ పుటలో చదివానో కూడా ఇప్పుడు చెప్పగలను. ఆటోలో కూర్చుని చోడవరం చేరేదాకా నేను ఆలోచించింది మాత్రం, ఆవిడకు దొంగచాటుగా గారెలు ఎవరు పెడుతున్నారా అని.

*

ఫిబ్రవరి రెండో వారంలో, పొద్దున ఏడున్నరకు శివాజీ ఫోను చేశాడు. పెనం దగ్గర కూర్చున్న అప్ప గుండె పట్టుకుని పక్కకు ఒరిగిందన్నాడు. వాళ్ళ ఆటో చోడవరం వచ్చేసరికి నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. అప్ప తల గౌతమి ఒళ్ళో ఉంది. చూడగానే నాకు తెలిసిపోయింది.

లోపల ఉన్న కుర్ర డాక్టరు పాత కాగితాలు తిరగేశాడు. "స్టెంటు వేసి మూడు నెలలు కూడా కాలేదు. అందులోనే గడ్డ కట్టినట్టుంది. మాత్రలేమైనా ఆపేశారా?"

"లేదు," అన్నాను నేను, శివాజీ నోరు తెరవకముందే. "క్రమం తప్పకుండా వేసుకున్నారు."

గౌతమి నా వైపు చూసింది. ఏదో అనబోయి, తల దించుకుంది.

మర్నాడు దహనం. శివాజీ మనిషిని పంపి మాడుగుల నుంచి హల్వా తెప్పించాడు. నవ్వులాటకు అన్న మాటను నిజం చేస్తారా అని ఎవరో అన్నారు. వాడు వినలేదు. చితి మీద పొట్లం విప్పి అమ్మ చేతి పక్కన పెట్టాడు. మరో రోజైతే నేను కూడా ఏదో అనేవాణ్ణి.

*

ఏడో రోజున నేను అప్ప మందుల లెక్క తీశాను. ఎందుకంటే, ఆ కుర్ర డాక్టరు ప్రశ్న నన్ను వదలలేదు. మాత్రలన్నీ సక్రమంగా వేసుకున్నా గడ్డ కట్టే మాట నిజమే, నూటికి ఏ ఒక్కరికో కడుతుంది. ఆ ఒక్కరూ మా అప్పేనని నాకు రుజువు కావాలి. ఖాళీ అట్టలెన్నో, మిగిలిన మాత్రలెన్నో చూస్తే తేలిపోతుంది.

"గౌతమీ, మందుల సంచీ ఒకసారి తేమ్మా."

తెచ్చి నా ముందు పెట్టింది. లోపల రబ్బరు బ్యాండు వేసిన అట్టల కట్ట ఉంది. అన్నీ ఖాళీవే. మూడు నెలలకు సరిపడే మాత్రలు ఒక్కటి కూడా మిగలకుండా నొక్కి తీసేసి ఉన్నాయి. వాటి పక్కన ఆకుపచ్చ డబ్బా. దాని మీద ఎర్రని గుండె బొమ్మ. మూత తీశాను. తేనె రంగు నూనె గుళికలు, సగానికి పైగా.

"ఇదెక్కడిది? డబ్బాను నేను పొయ్యిలో వేశాను కదా?"

"మీరేసింది పాత డబ్బా బాబాయ్. అందులో గుళికలు డిసెంబరులోనే అయిపోయేయి."

"మరి అందులో..."

"డాట్రు మాత్రలు." ఆ పిల్ల ఖాళీ అట్టల కట్ట చేతిలోకి తీసుకుంది. "అత్తకి వేళ్ళు వంగవు కదా, అట్ట నొక్కి తీసుకోలేదు. సీజన్లో ఇల్లంతా సీమలు. ఎక్కడెట్టినా మందులకి కూడా పట్టీస్తన్నాయి. ఆ డబ్బాకి మూత బిగువు. అందుకని అన్నీ నొక్కీసి, నేనే అందులో పోసేను. పొద్దుటివి అటు, రాత్రివి ఇటు, మధ్యలో అట్టముక్క ఎట్టి."

నూనె గుళికలు మెత్తగా ఉంటాయి. ఒకదానికొకటి అతుక్కుంటాయి. డబ్బా ఊపితే గలగలమనవు. నా చేతిలో ఆ రోజు గలగలమన్నవి గట్టి మాత్రలు. శబ్దాన్నిబట్టి, గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజు యంత్రంలో చక్కెర ఆరిందో లేదో చెప్పగలిగిన చెవి నాది.

"నీకు తెలుసా?" అని అడిగాను చివరికి.

"మా ఊరినుంచి వచ్చినాక డబ్బా కనబళ్ళేదు. అత్తనడిగేను. మీరు పడీసేరంది. అయ్యో, అందులో డాట్రు మందులున్నాయి కదత్తా అంటే నవ్వింది." గౌతమి ఏడుస్తూనే అత్త మాటలు అత్త గొంతుతో చెప్పింది. "'వాడికి తెలీదేటే? గ్రాణం నాడు కత్తిపీట ముందర కూకోమన్నాడు. నాకు బయమేసి కాళ్ళు వణికిపోయేయి. అయినా వాడన్నాడని కూకున్నాను. నా కొడుక్కేటైనా అయ్యిందేటి? వాడు పారీసేడంటే తెలిసే పారీసుంటాడు. నాకవి అక్కర్లేదన్నాడు' అంది."

నేను డబ్బా మూత బిగించి సంచీలో పెట్టాను.

"అప్పుడే మీకు ఫోను సెయ్యాల్సింది బాబాయ్. మందుల మాట ఇంకెప్పుడూ ఎత్తనని మా యమ్మ దగ్గర ఒట్టేసుకుని వచ్చేను. కోపంతో ఊరుకున్నాను. పది రోజులై మానీసినా బాగానే తిరుగుతంది కదా అనుకున్నాను. ఆయనకి ఇదేటీ తెలీదు. అట్టలన్నీ ఖాళీ అయ్యేయి కాబట్టి ఏసుకుంటందనే అనుకున్నారు."

"తప్పు నీది కాదమ్మా," అన్నాను. అంతకన్నా నిజమైన మాట నా దగ్గర లేదు. అది ఆ పిల్లకు చాలదని కూడా తెలుసు.

వంటింటి తలుపుకు నా చేతిరాత ఇంకా అతికే ఉంది. రాగి అంబలి, కొలిచిన అన్నం. అన్నం పక్కన నేను రాసిన గరిటె లెక్కను ఎవరో బొగ్గుతో కొట్టేసి, సగమే చాలన్నట్టు సగం గీత గీశారు. అక్షరాలు రాయడం మరిచిపోయిన అప్ప గీత అది. ఇంకొంచం తగ్గిత్తాన్లే అన్నది కదా.

*

గానుగ దగ్గరికి వెళ్ళాను. మైల రోజులని పెనం బోర్లించి ఉంది. పొయ్యి చల్లగా ఉంది. పక్కన బూడిద కుప్ప. నెలన్నర కింది బూడిదను ఎప్పుడో పొలంలో చల్లేసి ఉంటారని నాకు తెలుసు. ప్లాస్టిక్కు ఎంత వేడికి కరుగుతుందో, పిప్పి మంట ఎంత వేడో, మాత్రలో ఏ పదార్థం ఏమైపోతుందో అన్నీ తెలుసు. అక్కడ దొరికేది ఏమీ లేదు. అయినా ఒక చెరకు కర్ర తీసుకుని, గొంతుక్కూర్చుని బూడిద కెలకసాగాను. ఎంతసేపు కెలికానో గుర్తు లేదు.

వెనకనుంచి నీడ పడింది. శివాజీ. గుండు మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

"ఏటెతుకుతన్నావు మావయ్యా?"

"మీ అమ్మ మందులురా."

వాడికి అర్థం కాలేదు. నేను లేవకుండానే చెప్పాను. డబ్బా సంగతి, చీమల సంగతి, గలగలమన్న చప్పుడు, నూట అరవై మూడు, ఒట్టు. వరస తప్పకుండా, దేనికీ కారణం చూపకుండా చెప్పాను. గౌతమి ఊరుకున్న రోజుల సంగతి మాత్రం చెప్పలేదు. అది ఆ పిల్ల చెప్పుకోవలసింది. వాడు చల్లారిన పొయ్యి వైపు చూస్తూ విన్నాడు.

"అందులో మందులున్నాయని అమ్మ సెప్పలేదా మావయ్యా?"

"చెప్పబోయింది."

"మరి?"

"నేను చెప్పనివ్వలేదు."

వాడు వంగి నా చేతిలోని కర్ర లాక్కున్నాడు. కొడతాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. వాడు నా పక్కన గొంతుక్కూర్చుని, నేను ఆపిన చోటునుంచి బూడిద కెలకడం మొదలుపెట్టాడు.